నూలుపోగు ఫొటోలో పడేదెలా?

పిల్లలూ, మధ్యాహ్నం పూట పెంకుటింట్లో వెల్లకిలా పడుకుని ఎప్పుడైనా కప్పుకేసి చూశారా? ఎక్కడో ఒక పెంకు పగిలి చిన్న చిల్లు పడి ఉంటుంది. అందులోంచి ఎండ సన్నని కడ్డీలాగా దిగి నేల మీద ఒక వెలుగు మచ్చ వేస్తుంది. ఆ చిల్లు మూడు మూలలుగా ఉన్నా, నాలుగు మూలలుగా ఉన్నా, మచ్చ మాత్రం గుండ్రంగానే ఉంటుంది. ఎండ ఏటవాలుగా పడితే కోడిగుడ్డులా సాగుతుంది, అంతే. ఎందుచేత? ఆ మచ్చ చిల్లు బొమ్మ కాదు, సూర్యుడి బొమ్మ! చిల్లు ఎనిమిది అడుగుల ఎత్తున ఉంటే నేల మీది సూర్యుడు ఇంచుమించు రూపాయి బిళ్ళంత ఉంటాడు. సూర్యగ్రహణం నాడు అదే మచ్చ నెలవంకలాగా మారిపోతుంది. గ్రహణాన్ని అలా నేల మీద చూడండి గాని, కెమెరాలోంచి మాత్రం సూర్యుణ్ణి చూడకండి. కళ్ళు పోతాయి.

లాటిన్ భాషలో కెమెరా అంటే గది అని అర్థం. పెంకుటిల్లే మొదటి కెమెరా అన్నమాట. చిల్లున్న చీకటి గది ఏదైనా సరే, బయటి లోకాన్ని తలకిందులుగా లోపల గీస్తుంది. అయితే ఒక చిక్కుంది. చిల్లు చిన్నదయితే బొమ్మ స్పష్టంగా ఉంటుంది గాని మసక వెలుగులో ఉంటుంది. చిల్లు పెద్దది చేస్తే వెలుగు వస్తుంది గాని బొమ్మ అలికినట్టయిపోతుంది. వెలుగూ కావాలి, స్పష్టతా కావాలి అంటే ఆ చిల్లులో ఒక కటకం పెట్టాలి. కటకం అంటే మధ్య లావుగా, అంచులు పల్చగా ఉండే గాజుబిళ్ళ. అది వెడల్పాటి ద్వారం గుండా వచ్చే వెలుగునంతా వంచి మళ్ళీ ఒక్కచోటికి చేరుస్తుంది.

ఈ సంగతంతా ఇప్పుడెందుకు వచ్చిందంటే, మా మేనకోడలు మూలాన వచ్చింది. ఆ పిల్ల ఎనిమిదో తరగతి చదువుతున్నది. దానికి అమ్మమ్మ, నాకు అమ్మ అయిన పెద్దావిడ శ్రీకాకుళం జిల్లా పొందూరులో ఉంటున్నది. ఆవిడ నూలు వడుకుతుంది. పొందూరు ఖద్దరు పేరు మీరు వినే ఉంటారు. గాంధీగారు దాని సన్నదనం గురించి విని, సంగతి కనుక్కు రమ్మని తన కొడుకు దేవదాసు గాంధీని పంపించారట. ఇప్పటికీ అక్కడ గింజలున్న పత్తిని దువ్వటానికి వాలుగ చేప దవడ ఎముకను వాడతారు. ఆ దవడ నిండా దగ్గర దగ్గరగా ఉండే సన్నని పళ్ళలో ఇరుక్కుని పత్తిలోని నలుసులన్నీ పోతాయి. అలా శుభ్రం చేసిన పత్తిని ఏకులుగా చుట్టి, రాట్నం మీద నూరో నంబరు నూలు వడుకుతారు.

నూరో నంబరంటే ఏమిటో లెక్క వేద్దాం. ఒక చిలపలో 840 గజాల దారం ఉంటుంది. అలాంటి చిలపలు వంద కలిపితే ఒక పౌను, అనగా 454 గ్రాములు తూగాలి. అది నూరో నంబరు నూలు. అంటే ఒక్క గ్రాము దూదిలోంచి సుమారు 170 మీటర్ల పోగు తియ్యాలి! ఆ పోగు లావు మిల్లీమీటరులో పదోవంతు కూడా ఉండదు, తల వెంట్రుకతో సమానం. దాన్ని యంత్రం కాదు, ఒక ముసలమ్మ బొటనవేలూ చూపుడువేలూ తీస్తాయి.

కిందటి వేసంగి సెలవుల్లో మేనకోడలు నా దగ్గరికి వచ్చి, “మామయ్యా, అమ్మమ్మ ఈ సంక్రాంతితో రాట్నం మానేస్తానంటోంది. పోగు మాటిమాటికీ తెగిపోతోందిట. మానేసేలోగా అమ్మమ్మ వడుకుతూండగా ఒక ఫొటో తియ్యాలి. పోగు కనిపించాలి సుమా!” అన్నది. మా అమ్మ మానేస్తుందన్న మాట నాకు అప్పటిదాకా తెలియదు. నా కెమెరా తీసుకుని ఇద్దరం పొందూరు వెళ్ళాం.

అమ్మ రాట్నం నడవలో గోడవారగా ఉంటుంది. పెంకుటిల్లు, ఒకే కిటికీ, అదీ చిన్నది. పిల్ల మొదట ఫ్లాష్ వేసి తీసింది. ఫ్లాష్ అంటే కెమెరా మీద మెరిసే దీపం. ఆ మెరుపుకు గోడ తెల్లగా సున్నం కొట్టినట్టయింది. అమ్మ కళ్ళు చికిలించుకున్నది. ఇక పోగు సంగతా? తెల్ల గోడ ముందర తెల్ల దారం ఎక్కడ కనిపిస్తుంది!

“ఓలమ్మా, ఆ మెరుపేటే గుంటా! కళ్ళు బైర్లు కమ్మీసినాయి. పోగు తెగిపోనాది సూడు,” అన్నది అమ్మ.

దీపం ఆపేసి మళ్ళీ తీసింది. ఈసారి చెయ్యీ, రాట్నం చక్రమూ మంచులో ఉన్నట్టు చెదిరిపోయాయి. ఫోనుతో కూడా తీసి చూసింది. ఫోను తెలివిగా ఏవేవో సర్ది ముఖాన్ని బాగానే చూపించింది గాని, పోగును చెరిపేసింది. పిల్ల బిక్కమొహం వేసింది.

ఇలాంటి కష్టమే 1946లో మార్గరెట్ బూర్క్‌వైట్ అనే అమెరికా ఫొటోగ్రాఫరుకు వచ్చింది. లైఫ్ పత్రిక కోసం ఆవిడ పూనాలో గాంధీగారి దగ్గరికి వెళ్ళింది. గాంధీగారు రాట్నం వడుకుతూండగా ఫొటో తియ్యాలంటే నువ్వు ముందు వడకటం నేర్చుకోవాలన్నారు ఆయన దగ్గరి వాళ్ళు. ఆవిడ నేర్చుకున్నది. ఆయన గది మసకగా ఉంది. కళ్ళలోకి మెరుపు కొట్టటం గాంధీగారికి గిట్టదు. అంచేత మూడే మూడు ఫ్లాష్ బల్బులు వాడటానికి ఒప్పుకున్నారు. మొదటి రెండూ వృథా అయిపోయాయి. మూడోది పనిచేసింది. పక్కన రాట్నం, నేల మీద కూచుని కాగితాలు చదువుకుంటున్న గాంధీగారు — ఆ సందర్భంలో ఆవిడ తీసిన ఆ ఫొటో తరవాత లోకమంతా ఎరిగినదయింది. ఫొటో తియ్యటానికి వడకటం నేర్చుకోవటమెందుకని నాకు చిన్నప్పుడు అనిపించేది. ఎందుకో ఇప్పుడు తెలిసింది. ఆ సంగతి ముందు చెబుతాను.

నా పెట్టెలో ఇంకొక కటకం ఉన్నది. చిన్నది, పొట్టిది. 160 గ్రాముల బరువు, అంటే ఒక మాదిరి జామకాయంత. దాని మీద 50 అనీ, 1.8 అనీ రెండు అంకెలు రాసి ఉంటాయి. కొట్టువాళ్ళు దాన్ని ప్రైమ్ అంటారు. మామూలుగా కెమెరాతో వచ్చే జూమ్ కటకాన్ని తిప్పితే దూరపు వస్తువు దగ్గరికి వచ్చినట్టు పెద్దదవుతుంది. ఇది అలా తిరగదు. దగ్గరగా కావాలంటే మనమే నడిచి వెళ్ళాలి. జూమ్‌లో పది, పదిహేను, ఇంకా ఎక్కువ గాజుబిళ్ళలుంటాయి. ఇందులో ఆరేడుంటాయి. అందుకే ఇది చవక, తేలిక. ఒకే పని చెయ్యవలసి ఉండటంచేత ఆ పని కోసం దీని నోరు వెడల్పుగా చేయగలిగారు.

ఎంత వెడల్పు? 50 అంటే కటకం నుంచి, దూరపు వస్తువు బొమ్మ కుదిరే చోటికి 50 మిల్లీమీటర్లని అర్థం. దాన్ని 1.8తో భాగించండి. సుమారు 28 మిల్లీమీటర్లు వస్తుంది. అదే వెలుగు దూరే ద్వారం వెడల్పు. నా జూమ్ కటకం 50 దగ్గర ఉన్నప్పుడు దాని అంకె 5.6. 50ని 5.6తో భాగిస్తే సుమారు 9 మిల్లీమీటర్లు. ఇప్పుడు ఒక కాగితం మీద 28 మిల్లీమీటర్ల వెడల్పున ఒక వృత్తం, పక్కనే 9 మిల్లీమీటర్ల వెడల్పున ఇంకొక వృత్తం గీయండి. వెడల్పు మూడు రెట్లే గాని వైశాల్యం ఇంచుమించు పది రెట్లు! కాబట్టి ఒకే సమయంలో పెద్ద నోటిలోకి పది రెట్ల వెలుగు వస్తుంది. జూమ్‌కు సెకనులో పదోవంతు కావలసిన చోట దీనికి నూరోవంతు చాలు. సెకనులో పదోవంతులో అమ్మ చెయ్యి బెత్తెడు దూరం పోతుంది. నూరోవంతులో అది కదిలినట్టే ఉండదు.

అంకె తగ్గినకొద్దీ నోరు పెద్దదవటం మొదట్లో తికమకగా ఉంటుంది. భాగహారం గుర్తుపెట్టుకుంటే తికమక పోతుంది. కటకాల మీద 1.4, 2, 2.8, 4, 5.6, 8, 11, 16 అని వరసగా అంకెలు కనిపిస్తాయి. ఒక్కొక్క మెట్టు ఎక్కితే వెలుగు సగమవుతుంది. లెక్కల మీద ఇష్టమున్నవాళ్ళు ఒక అంకెను దాని ముందరి అంకెతో భాగించి, వచ్చినదాన్ని దానితోనే గుణించి చూడండి.

ఫోనులోని కటకానికి కూడా 1.8 అని రాసి ఉంటుందే అని మీలో ఎవరో అడగబోతున్నారు. నిజమే. కాని ఫోను పల్చటిది గనక అందులో 50 మిల్లీమీటర్లకు చోటెక్కడిది? అయిదారు మిల్లీమీటర్లుంటే గొప్ప. దాన్ని 1.8తో భాగిస్తే నోరు మూడు మిల్లీమీటర్లు, అంటే పెసరగింజంత. ఆ కొరతను అది లెక్కలతో పూడ్చుకుంటుంది. వెంటవెంటనే అనేక బొమ్మలు తీసి, కలిపి, నున్నగా చేస్తుంది. నున్నగా చేసేటప్పుడు సన్నని పోగును కూడా మరక అనుకుని తుడిచేసింది.

పెద్ద నోటి కటకం కోసం మనుషులు చాలా పాట్లు పడ్డారు. 1839లో ఫ్రాన్సులో డాగెర్ తన ఫొటో పద్ధతిని ప్రకటించినప్పుడు ఒక్కొక్క ఫొటోకు నిమిషాల తరబడి పట్టేది. మనిషి కదలకుండా ఉండటానికి తల వెనక ఇనప పట్టీ బిగించేవాళ్ళు! ఆ రోజుల ఫొటోల్లో అందరూ ఎందుకంత ముటముటలాడుతూ ఉంటారో ఇప్పుడు తెలిసిందిగా? వియన్నాలో జోసెఫ్ పెట్జ్వాల్ అనే లెక్కల ఆచార్యుడు ఉండేవాడు. ఫిరంగి గుండు ఎంత దూరం పోతుందో లెక్కకట్టే సైనికుల్ని సాయం తీసుకుని, 1840లో ఆయన 3.6 అంకె గల కటకాన్ని లెక్కల మీదనే రూపొందించాడు. అది అంతకుముందు వాటికంటే పదిహేను, ఇరవై రెట్లు వెలుగు పట్టింది. 1925లో జర్మనీలో లైకా అనే చిన్న కెమెరా అమ్మకానికి వచ్చింది. దానికి కూడా 50 మిల్లీమీటర్ల కటకమే. ఇక 1975లో ఒక సినిమాలో కొవ్వొత్తుల వెలుగులోనే కొన్ని దృశ్యాలు తీశారు. అందుకు వాడిన కటకం అంకె 0.7. దాన్ని అసలు చంద్రమండల యాత్రల కోసం చేశారు. మనకు అంత అక్కర్లేదు.

సరే, పొందూరుకు వద్దాం. కటకం మార్చాం. పిల్ల ఒక మీటరు దూరంలో నిలబడి తీసింది. చెయ్యి కదలలేదు, వెలుగు చక్కగా ఉన్నది. తీరా పెద్దది చేసి చూస్తే బొటనవేలి గోరు అద్దంలా స్పష్టంగా ఉంది, పోగు మాత్రం వేలి దగ్గర నాలుగు సెంటీమీటర్లు కనిపించి, ఆ పైన పొగలాగా కరిగిపోయింది!

ఇది పెద్ద నోటికి మనం చెల్లించే పన్ను. కటకం ఒకే ఒక దూరంలోని వస్తువుల్ని స్పష్టంగా చూపిస్తుంది. దానికి కాస్త ముందూ కాస్త వెనకా కూడా ఫరవాలేదు. ఆ కాస్తా ఎంత అన్నది నోటి మీద ఆధారపడుతుంది. వెలుగు వెడల్పాటి నోటిలోంచి వచ్చేటప్పుడు విశాలమైన గరాటులా వచ్చి ఒక మొనకు చేరుతుంది. మొన దాటగానే అంతే వేగంగా చెదిరిపోతుంది. చిన్న నోటిలోంచి వచ్చే వెలుగు సన్నని గరాటు, మెల్లిగా చెదురుతుంది. నా కెమెరాలో, మీటరు దూరంలో, 1.8 దగ్గర స్పష్టంగా ఉండే మందం నాలుగు సెంటీమీటర్లే. అర మీటరుకు కాస్త ఎక్కువ దూరం నుంచి తీస్తే బొటనవేలు వెడల్పే. గాలిలో నిలబెట్టిన పల్చటి గాజుపలక అనుకోండి. ఆ పలకలో ఉన్నది ఫొటోలో పడుతుంది, తక్కినది పొగ.

“అయితే పోగునంతా పలకలో పెట్టాలి,” అన్నది పిల్ల. ఆ మాట నేను చెప్పలేదు, అదే అన్నది. అప్పటిదాకా అది రాట్నానికి ఎదురుగా, కదురు చివర నిలబడి తీస్తున్నది. పోగు కెమెరా దగ్గర నుంచి దూరంగా పోతున్నది. ఇప్పుడు పక్కకు వచ్చి నేల మీద చతికిలబడి, పోగు తనకు అడ్డంగా, ఈ చివర నుంచి ఆ చివరకు సమదూరంలో ఉండేలా కూచున్నది. కదురు మొన నుంచి అమ్మ వేళ్ళ దాకా పోగంతా ఒక్కసారిగా తేరింది. ప్రైమ్ కటకం వల్ల ఒక లాభం ఇదే. జూమ్ ఉంటే పిల్ల ఉన్నచోటనే నిలబడి కటకం తిప్పుతూ ఉండేది.

కాని పోగు ఇంకా వెలవెలబోతున్నది. వెనక గోడ తెలుపు. అమ్మ నల్ల కంబళి తెచ్చి మేకుకు వేలాడదీశాం. అప్పటికీ వెలుగు చాల్లేదు. రాట్నాన్ని వీధి గుమ్మం దగ్గరికి జరుపుదామన్నాను.

అమ్మ ఒప్పుకోలేదు. “గుమ్మం కాడ గాలేస్తాది. పోగు తెగిపోద్ది. ఇన్నాళ్ళనుండి ఇక్కడే వడికినాను,” అన్నది. చివరకు మనవరాలి మాట కాదనలేక సరేనన్నది. గాలి తగలకుండా ఒక తలుపు రెక్క మూసి, రెండోది తెరిచి ఉంచి, ఆ వారగా రాట్నం పెట్టాం. వెలుగు పక్క నుంచి వచ్చి పోగు మీద పడింది. వెలుగు కనీసం ఎనిమిది రెట్లు పెరిగినట్టు కెమెరా చెప్పింది. అందువల్ల నోటిని 4 దాకా మూసినా సెకనులో నూట అరవయ్యోవంతు సరిపోయింది. మూసినందువల్ల పలక మందం మీటరు దూరంలో సుమారు తొమ్మిది సెంటీమీటర్లయింది. నోరు పెద్దదని ఎప్పుడూ బార్లా తెరిచి ఉంచనక్కర్లేదు. కొత్తగా కొన్నవాళ్ళు చాలామంది అలాగే చేసి, ఒక కన్ను స్పష్టంగానూ రెండో కన్ను మసకగానూ ఉన్న ముఖాలు తీస్తూ ఉంటారు.

ఇక మిగిలింది, ఎప్పుడు నొక్కటం? మొదట తీసినవన్నీ చెయ్యి సాగుతూండగా తీసినవి. అప్పుడు పోగు కూడా వణుకుతుంది. పిల్ల అమ్మ పక్కన కూచుని తనే నాలుగు బారలు వడికింది. రెండుసార్లు తెగింది గాని ఒక సంగతి కనిపెట్టింది. చెయ్యి వెనక్కు పూర్తిగా సాగాక, పోగును కదురుకు చుట్టబోయే ముందు, ఒక్క క్షణం చెయ్యి ఆగుతుంది. పోగు బిగువుగా వీణ తీగలా నిలుస్తుంది. ఆ క్షణాన నొక్కాలి! గాంధీగారి దగ్గరి వాళ్ళు బూర్క్‌వైట్‌ను వడకటం నేర్చుకోమనటంలో కారణాలేమైనా, ఫొటోకు కూడా అది పనికొచ్చే పాఠమే.

పన్నెండో ఫొటో కుదిరింది. నల్లని కంబళి మీద వెండి గీతలాగా పోగు. వేళ్ళ మధ్య తెల్లని ఏకు కొస. వెనకగా అమ్మ ముఖం కాస్త మెత్తగా, అమ్మేనని తెలిసేంతగా.

ఈ కటకం అన్నిటికీ పనికొస్తుందనుకునేరు. దసరా వెళ్ళిన మంగళవారం విజయనగరంలో పైడితల్లి అమ్మవారి సిరిమాను చూడటానికి వెళితే ఆ జనంలో ముందుకు నడిచే వీలుండదు. సిరిమాను మీది పూజారి ఈ కటకానికి చీమంత కనిపిస్తాడు. తేలినీలాపురం చెట్ల మీది గూడబాతుల్ని దీనితో తియ్యబోయి నేను చెట్ల ఫొటోలు తెచ్చుకున్నాను. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో పనస దుంగను తొలిచి వీణ చేసేవాళ్ళ చేతుల్ని తియ్యండి, అక్కడ దీని ప్రతాపం చూడవచ్చు. కాని అడిగి తియ్యండి. ఒకరి పనిచోటుకు వెళుతున్నాం మరి.

ఊరికి వచ్చాక ఆ ఫొటోను పెద్ద కాగితం మీద అచ్చు వేయించి తీసుకువెళ్ళాం. అమ్మ తన ముఖాన్ని చూసుకోనేలేదు. కాగితాన్ని గుమ్మంలో వెలుతురుకు పట్టుకుని, పోగు వెంబడి వేలు పెట్టి మెల్లిగా చూసుకుంటూ పోయింది. ఒకచోట ఆగింది.

“ఇక్కడ దొడ్డయిపోనాది సూడు. ఇదిగో, ఇక్కడ మరీ సన్నం. ఇక్కడే తెగుతాది. ఇది నాకెందుకు కనబడదే?” అన్నది.

మన కంటికి కూడా నోరుంది. నల్లగుడ్డు మధ్య ఉన్న కంటిపాప అదే. చీకట్లో మీ కంటిపాప ఏడు మిల్లీమీటర్ల దాకా విచ్చుకుంటుంది. ముసలితనంలో అది అయిదుకు మించి విచ్చుకోవటం కష్టం. ఆపైన కంటిలోని కటకం కూడా వయసుతో పాటు పసుపుబారి కొంత వెలుగును ఆపేస్తుంది. అరవయ్యేళ్ళ మనిషి కంటిలోపలికి చేరే వెలుగు, ఇరవయ్యేళ్ళవాళ్ళతో పోలిస్తే మూడోవంతే. మేనకోడలికి మసకగా ఉన్న నడవ, అమ్మకు ఇంచుమించు చీకటి అన్నమాట. నేను ఈ లెక్క చెప్పేలోగానే పిల్ల, “అమ్మమ్మా, నీది అయిదూ పాయింటారు కన్నైపోయింది,” అన్నది. అమ్మకు అది అర్థం కాలేదు గాని నవ్వింది.

మర్నాడు నేను రాట్నాన్ని మళ్ళీ నడవలోకి జరపబోతే అమ్మ, “ఉండనీరా,” అన్నది. కళ్ళ డాక్టరుకు కూడా చూపించాం. ఒక కంటికి శుక్లం ఉందన్నాడు, తీయించాం. సంక్రాంతి వెళ్ళి రెండు నెలలయింది. రాట్నం గుమ్మం దగ్గరే ఉన్నది, ఒక తలుపు రెక్క మూసి ఉన్నది.